ప్రార్థన గంట ఉంది, ఆటల గంట ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రిగారు రాసింది చదివాను. వాళ్లమ్మాయిని సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడిలో చేర్పించారట. రోజూ పొద్దున పావుగంట ప్రార్థన, వారానికి రెండు పీటీ పీరియడ్లు, డిసెంబరు స్పోర్ట్స్ డే కోసం పది రోజుల మార్చ్‌పాస్ట్ ప్రాక్టీసు. ఇవన్నీ కూడి, ఏడాదికి ఇన్ని గంటలు దండగ అని తేల్చారు. ‘మేం ఫీజు కట్టేది చదువుకి గానీ భజనకీ గంతులకీ కాదు’ అన్నారు. ఆయన కూడికలో తప్పు పట్టను. లెక్కల్లో నేను ఎప్పుడూ అత్తెసరు మార్కుల దాన్నే. కానీ ప్రార్థననీ ఆటనీ ఒకే గాటన కట్టి బయటికి తోలేశారే, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నేను అలాంటి బడిలోనే చదివాను. తర్వాత ఇంకో అలాంటి బడిలో ముప్పై నాలుగేళ్లు పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, ఈల ఊదాను. ఏడేళ్లయింది రిటైరై. మాది హిందూ కుటుంబం, ఇప్పటికీ శనివారం ఒంటిపూటే తింటాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ‘మీరు వాళ్ల మనిషి’ అని ఎవరైనా కొట్టిపారేస్తారేమోనని.

ముందు ప్రార్థన సంగతి. ఆ తండ్రిగారికి అక్కడ హక్కు ఉంది. మన రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు సూటిగా చెబుతుంది: ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే ఏ విద్యాసంస్థలోనైనా పిల్లల్ని మతబోధకి గానీ ఆరాధనకి గానీ కూర్చోబెట్టాలంటే ఒప్పుకోలు ఉండాలి, మైనరైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు. ఇష్టం లేకపోతే ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఆఫీసులో ఇవ్వండి. నేను పనిచేసిన బడిలో అలా ఇచ్చిన వాళ్లున్నారు. ఆ పిల్లలు ఆ పావుగంట లైబ్రరీలో కూర్చునేవాళ్లు. ఎవరూ వాళ్లని వేరుగా చూడలేదు. నిజం చెప్పాలంటే మిగతా పిల్లలు కుళ్లుకునేవాళ్లు, ఎండలో నిలబడక్కర్లేదని.

మా చిన్నప్పుడు అంత దూరం వెళ్లలేదు. 1971లో నన్ను ఆరో తరగతిలో బోర్డింగులో చేర్చినప్పుడు మా నాన్న అడిగింది ఒక్కటే ప్రశ్న, ‘స్నానానికి వేన్నీళ్లు ఇస్తారా?’ అని. ఇవ్వరు అన్నారు. ‘మంచిదే’ అనేసి సంతకం పెట్టారు. కాథలిక్ పిల్లలకి సత్యోపదేశం, అంటే వాళ్ల మతబోధ, పీరియడ్ ఉండేది. మిగతా వాళ్లం అదే సమయంలో పక్క గదిలో నీతిబోధ. అందులో అబద్ధాలాడకూడదు, పెన్సిలు దొంగిలించకూడదు లాంటివి చెప్పేవాళ్లు. అక్టోబరు జపమాల నెలంటే సాయంత్రాలు బోర్డింగు వరండా అంతా ‘దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము’ అని ఒకటే హోరు. ఐదు పదుల జపం, పూసలు లెక్కపెడుతూ. రాకుండా ఉండొచ్చు. కానీ ఎవరు ఉంటారు? జపం అయ్యాక బెల్లం కలిపిన మరమరాలు పంచేవాళ్లు.

విభూతి బుధవారం ఒకటి నాకు బాగా గుర్తు. మా అమ్మమ్మ పరీక్షలప్పుడు పెట్టుకోమని శివాలయం విభూతి పొట్లం ఇచ్చి పంపింది. ట్రంకు పెట్టె తనిఖీలో వార్డెన్ సిస్టర్ చేతికి చిక్కింది. నా గుండె జారిపోయింది. ఆవిడ విప్పి, వాసన చూసి, మళ్లీ మడిచి, ‘తడి తగలకుండా పెట్టుకో’ అని ఇచ్చేసింది. ఫిబ్రవరి చివర్లో అనుకుంటా, ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైన రోజు చర్చి గుడిలో అందరి నొసటా బూడిద పెడుతుంటే నేనూ వరసలో నిలబడ్డాను. ‘ఇది పేడ పిడకలదా సిస్టర్?’ అని అడిగాను. కాదంది. పోయినేడు ఈస్టరు ముందటి మట్టల ఆదివారం నాడు పంచిన మట్టలు దాచిపెట్టి, కాల్చి చేసిందట. ఆ మధ్యాహ్నమే మాకు ఖోఖో ప్రాక్టీసు. నుదుటి మీది బూడిద చెమటతో కలిసి కళ్లలోకి దిగి, మండి, ఎదురుగా ఉన్న పిల్ల కూడా కనపడక నేను అవుటయ్యాను. కడుక్కుందామంటే కాథలిక్ పిల్లలెవరూ కడుక్కోవడం లేదు. వాళ్లకి లేని నొప్పి నాకేంటని నేనూ ఓర్చుకున్నాను. ఆ రోజు గ్రౌండులో కళ్లు ఎర్రబడని పిల్ల లేదు.

ఇక గ్రౌండు. అక్కడే నాకు చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

మా బడికి రెండు గంటలు ఉండేవి. గుడి గోపురంలో పెద్ద గంట, వేపచెట్టుకి వేలాడేసిన రైలు పట్టా ముక్క. గోపురం గంట పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం పన్నెండింటికీ, సాయంత్రం ఆరింటికీ త్రికాల ప్రార్థనకి మోగేది. రైలు పట్టా సాయంత్రం నాలుగున్నరకి మోగేది, ఆటలకి. ఆ రెండో గంట మోగాక వరండాలో కనిపించిన ప్రతి పిల్లనీ పీటీ సిస్టర్ చెవి పట్టుకుని గ్రౌండులోకి దించేది. పుస్తకం చేతిలో ఉంటే లాక్కుని మెట్ల మీద బోర్లించేది. తలనొప్పి అంటే ‘పరుగెత్తితే పోతుంది’, కాలు నొప్పి అంటే ‘అయితే ఒంటికాలితో రింగ్ ఆడు’. రింగ్ అంటే టెన్నికాయిట్. ఎర్ర రబ్బరు రింగు, ఒంటి చేత్తోనే పట్టాలి, రెండో చెయ్యి తగిలితే పాయింటు పోయినట్టే. ఈ ఆటని ఇప్పటి పిల్లలు టీవీలో చూడరు కాబట్టి లేదనుకుంటారు. కోస్తా జిల్లాల్లో ఆడపిల్లల బళ్లలో రింగూ త్రోబాలూ ఆడని బడి ఆ రోజుల్లో నేను చూళ్లేదు.

ఆ పీటీ సిస్టర్ ఎలా ఉండేదో చెప్పకపోతే ఈ ఉత్తరం రాసినట్టే కాదు. తెల్ల అంగీ చీలమండల దాకా, తల మీద ముసుగు, నడుముకి వేలాడే జపమాల, మెడలో సిలువ పక్కనే ఈల. బంతి విసరాలంటే ముందు జపమాల తీసి జేబులో కుక్కుకునేది. ముసుగు అంచులు వెనక్కి తీసి ముడేసుకునేది. ఆ ముడి పడిందంటే మా పని అయిపోయిందన్నమాట. కోర్టు గీతలు కూడా తనే వేసేది. రెండు మేకులకి పురికొస కట్టి, డబ్బాలోంచి సున్నం ధారగా వదులుతూ వంగిన నడుము ఎత్తకుండా ఈ చివర నుంచి ఆ చివరకి. గీత వంకర పోతే మళ్లీ మొదటి నుంచి. సెయింట్ పాల్ కొరింథీయులకి రాసిన ఉత్తరంలో పరుగు పందెం ప్రస్తావన ఉంటుంది. పరుగెత్తేది అందరూ, బహుమానం ఒక్కరికే అని. అది మాకు వందసార్లు చెప్పుంటుంది. పాల్ గారు ఎవరో తెలియక ముందే ఆ వాక్యం మాకు కంఠతా వచ్చేసింది. వేరే ఊరి జట్టు కోచ్ ఎవరో అనుకున్నాను కొన్నాళ్లు.

సాయంత్రం ఆరు గంటల సంగతి ఒకటుంది. ఖోఖో మంచి ఊపులో ఉండగా గోపురం గంట మోగేది. మోగిందంటే ఎక్కడి వాళ్లక్కడ ఆగిపోవాలి. ఎనిమిది మంది గీత మీద గొంతుక్కూర్చున్న వాళ్లు లేచి నిలబడతారు. తరిమే పిల్ల చెయ్యి చాపింది చాపినట్టే దించుతుంది. సిస్టర్ ఒక చేత్తో ఈల పట్టుకుని ఇంకో చేత్తో సిలువ గుర్తు వేసుకుంటుంది. కాథలిక్ పిల్లలు కళ్లు మూసుకుని జపం చెబుతారు, మధ్యలో ఒకచోట మోకాలు వంచుతారు. మేం, అంటే హిందూ పిల్లలం, ఇద్దరు ముగ్గురు ముస్లిం పిల్లలం, ఊరికే నిలబడాలి. కళ్లు మూసుకోమని మాకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి తెరిచే ఉంచేవాళ్లం. తెరిచి ఉంచి, తరిమే పిల్లకి దూరంగా మెల్లగా రెండడుగులు జరిగేవాళ్లం. ఆమెన్ అనగానే ఈల, ఆట మొదలు, మేం దొరకం!

నెల రోజులు సాగింది ఈ పితలాటకం. ఫిరంగిపురం పిల్ల ఒకతి కళ్లు సగం తెరిచి చూసి పట్టేసింది. పోయి సిస్టర్‌తో చెప్పింది. ‘నీకు జపంలో కళ్లెందుకు తెరుచుకున్నాయి?’ అని ముందు దానికి పడింది. తర్వాత మాకు. ఆ మర్నాటి నుంచి కొత్త రూలు: గంట మోగగానే ప్రతి ఒక్కరూ బొటనవేలితో మట్టిలో గీత గీసుకుని దాని మీదే నిలబడాలి. జపం అయ్యేలోపు గీత దాటితే ఫౌల్. ఖోఖో రూల్సు పుస్తకం తర్వాత ట్రైనింగులో చదివాను. ఈ ఫౌల్ మాత్రం అందులో లేదు.

వెనక్కి చూసుకుంటే అన్నీ తియ్యగా కనిపిస్తాయి. అలా రాస్తే అబద్ధమవుతుంది. ప్రార్థన ఆటకి అడ్డం పడ్డ రోజులూ ఉన్నాయి. ఆదివారం పొద్దున మ్యాచ్ అంటే పూజ అయ్యేదాకా బయల్దేరనిచ్చేవాళ్లు కాదు. ఒకసారి అలా ఆలస్యమై ఆడకుండానే వెనక్కి వచ్చాం. బట్టల గొడవ ఇంకా పెద్దది. ఎనిమిదో తరగతి నుంచి మాకు పరికిణీ ఓణీ యూనిఫాం. ఓణీ నడుముకి బిగించి, పరికిణీ కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆడాలి. పదో తరగతిలో బళ్ల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలకి వెళ్తే అవతలి జట్టు నిక్కర్లలో దిగింది. నేను ఖోఖో స్తంభం చుట్టూ తిరగబోతుంటే దోపిన కుచ్చిళ్లు ఊడి కాలి కింద పడ్డాయి. బోర్లా పడ్డాను. ఎడమ మోకాలి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, వర్షాకాలం కాస్త లాగుతుంది కూడా. మ్యాచ్ పోయింది. దారి పొడుగునా బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి పీటీ సిస్టర్‌కీ, సిస్టర్లందరికీ పెద్ద అయిన మదర్‌కీ యుద్ధం. ఆడపిల్లలు కాళ్లు కనపడేలా నలుగురిలో ఆడటమా అని మదర్. రెండు నెలలు నడిచింది. చివరికి మా పీటీ సిస్టర్, ‘మరియమ్మగారు బిడ్డనెత్తుకుని గాడిదెక్కి ఐగుప్తు పారిపోయారు కదా మదర్, బట్టలు దోపుకోకుండానే ఎక్కి ఉంటారంటారా?’ అని అడిగిందట. వంటగదిలో పనిచేసే అమ్మ విని మాకు చెప్పింది. దర్జీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. చూడ్డానికి మోకాళ్ల కింద దాకా స్కర్టు, నిజానికి మధ్యలో చీలి ఉన్న వెడల్పు పైజమా. దాంతో మా తర్వాతి బ్యాచ్ జిల్లా కప్పు కొట్టింది. మాకు మచ్చలు మిగిలాయి.

అసలు ఆ రోజుల్లో బోర్డింగు పిల్లలే గొప్పగా ఆడేవాళ్లు. రెంటచింతల నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. ఎండలంటే మీ పేపర్లో ఎప్పుడూ పేరొచ్చే ఊరే. ఆ ఎండలో మిరపచేలల్లో కోతలకి తిరిగిన పిల్ల. చెప్పుల్లేకుండా పరుగెత్తేది. మేం కాన్వాసు బూట్లకి సుద్దముక్క రుద్ది తెల్లగా చేసుకుని, ఆ తెలుపు పోకుండా జాగ్రత్తగా అడుగులేసేవాళ్లం. అది మా జాగ్రత్త చూసి నవ్వేది. నేను ఆరు నిమిషాలకే ఆయాసపడితే దానికి చెమట కూడా పట్టేది కాదు. బోర్డింగు ఫీజు కట్టలేని పిల్ల, అమెరికా నుంచి వచ్చే గోధుమ నూకతో చేసిన ఉప్మా, పాలపొడి పాలు తాగి ఆడిన పిల్ల. దానికి గుడిలో ముందు వరసలో చోటుండేది కాదు. అక్కడ పియానో వచ్చిన పిల్లలు, ఇంగ్లీషులో రీడింగ్ చదివే పిల్లలు. గ్రౌండులో మాత్రం కెప్టెన్ అదే. సున్నం గీత లోపల ఎవరి తాతలు ఎవరో ఎవరూ అడగలేదు. గీత బయట అడిగేవాళ్లు, అదీ రాయాలి.

ఇంకో మాట, మగ పాఠకులు ఇబ్బంది పడినా సరే. మా ఇంట్లో నెలలో మూడు రోజులు వసారాలో చాప మీదే ఉండాలి. బోర్డింగులో ఆ పద్ధతే లేదు. నొప్పి ఉంటే పడుకో, లేకపోతే రా, ఆడు. అంతే. వేసవి సెలవల్లో అమ్మమ్మకి ఈ సంగతి చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా కప్పు తెచ్చి దేవుడి అలమరలో పెట్టింది.

తండ్రిగారు ‘భజన’ అన్న మాటకి మాత్రం నాకు కాస్త గుచ్చుకుంది. 1871లో ఇటలీ నుంచి సెయింట్ ఆన్ సిస్టర్లు సికింద్రాబాద్ వచ్చారు. 1904లో హాలండ్ నుంచి జేఎంజే సిస్టర్లు గుంటూరు వచ్చారు. మా అమ్మమ్మ తరంలో పెద్దింటి ఆడపిల్ల గడప దాటాలంటే మేనా ఉండాలి, పేదింటి పిల్ల దాటితే కూలికే. అలాంటి చోట పిల్లల్ని వరసగా నిలబెట్టి డంబెల్స్ చేతికిచ్చి డ్రిల్ చేయించిన వాళ్లు వీళ్లు. మతం కోసమే వచ్చారు, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఆ పనిలో భాగంగానే బంతి కూడా వచ్చింది. సలేషియన్ సంఘం పెట్టిన డాన్ బోస్కో ఇటలీ పల్లెటూరి పిల్లాడు. చిన్నప్పుడు రెండు చెట్లకి తాడు కట్టి దాని మీద నడిచేవాడు, గారడీ చేసేవాడు. చూడ్డానికొచ్చిన వాళ్లు టికెట్టు బదులు జపమాల చెప్పాలి! ఆయన సంఘం సిస్టర్లు నడిపే ఆక్సీలియం బడిలోనే మన పి.వి. సింధు చదివింది. తర్వాత మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీ. 2016లో రియోలో వెండి, ఆ తర్వాత టోక్యోలో కాంస్యం. ఆమెకి ఆట నేర్పింది బడి అని నేననను. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, గోపీచంద్ అకాడమీ ఉంది. కానీ తెల్లారకుండా ప్రాక్టీసుకి పోయే పిల్లని అటెండెన్సు పేరు చెప్పి ఇంట్లో కూర్చోబెట్టే బళ్లు మనకి తక్కువేం లేవు.

2000 సంవత్సరం సెప్టెంబరు 19 నేను పనిచేసిన బడిలో గుర్తుండిపోయింది. సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడవాళ్లలో మొదటి పతకం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల. కాన్వెంటులో ఉన్న ఒక్క టీవీని వరండాలోకి తెచ్చి హైస్కూలు పిల్లలందరికీ వార్తలు చూపించాం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 అని నేను వివరిస్తుంటే, వంట చూసుకునే ముసలి సిస్టర్, ‘బియ్యం బస్తా నూరు కిలోలు. దించడానికే ఇద్దరు హమాలీలు కావాలి కదమ్మా’ అని నోరు తెరిచింది. మర్నాడు అసెంబ్లీలో ఆమె కోసం ప్రార్థన చెప్పారు. ఏ మతం పిల్ల అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా అసలు బాధ. ఇది నేను చదివిన బడి గురించీ కాదు, పనిచేసిన బడి గురించీ కాదు. మా మనవరాలు ఏడో తరగతి చదువుతున్న బడి. అదీ సిస్టర్లదే, ఆడపిల్లలదే. ఊరూ పేరూ రాయను. ప్రార్థన గంట అక్కడ చక్కగా మోగుతోంది. స్పీకర్లో రికార్డు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆవరణలో మరియమ్మ గుహ కొత్తగా కట్టారు, గ్రానైటు, రంగురంగుల లైట్లు. చూసి దండం పెట్టుకున్నాను, బాగుంది. గుహ వెనక్కి వెళ్లి చూస్తే త్రోబాల్ కోర్టు ఉన్న చోట పదకొండు బస్సులు నిలబెట్టి ఉన్నాయి. నెట్టు కట్టే ఇనుప స్తంభాలు రెండూ ఇంకా అలాగే ఉన్నాయి. ఒకదానికి బస్సు డ్రైవరు తువ్వాలు ఆరేసుకున్నాడు. మిగిలిన సగంలో ఫౌండేషన్ క్లాసులకి కొత్త బ్లాకు వస్తుందట, ముగ్గు పోసి ఉంది. పునాది గుర్తులకి పోసిన ముగ్గు. నేను ఆ తెల్ల గీతల్ని చూసి, ఒక్క క్షణం, అయ్యో కోర్టు వేశారే అనుకున్నాను.

టైంటేబుల్లో పీటీ ఉంది. మనవరాలి డైరీ చూశాను, మంగళవారం ఆరో పీరియడ్. ‘ఆ పీరియడ్లో మ్యాథ్స్ సార్ వస్తారమ్మమ్మా’ అంది. పీఈటీ ఉన్నాడు, పాపం. ఆ కుర్రాడికి బస్సుల దగ్గర డ్యూటీ, ఫీజు స్లిప్పులు పంచే డ్యూటీ. స్పోర్ట్స్ డే మాత్రం మానలేదు. పది రోజులు మార్చ్‌పాస్ట్, ముఖ్య అతిథి, పావురాలు, బెలూన్లు. పరుగు పందేలు నాలుగే, అదీ ఎంపిక చేసిన పిల్లలకి. మా మనవరాలు డాన్సులో వెనక వరస. ఏడాది మొత్తంలో అది బడి ఆవరణలో పరుగెత్తిన సందర్భం బస్సు తప్పిపోబోయినప్పుడేనట.

పేరెంట్స్ మీటింగులో లేచి అడిగాను. ప్రిన్సిపాల్ సిస్టర్ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, మర్యాదగానే చెప్పింది. ‘మేడమ్, ఇక్కడున్న రెండొందల మందిలో గ్రౌండు గురించి అడిగింది మీరొక్కరే. మిగతా అందరూ ర్యాంకులే అడుగుతారు. మేమేం చేయాలి?’ అంది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ నోరు విప్పలేదు. ఒకావిడ అయితే, ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతోందని, పీటీ నుంచి మినహాయింపు కావాలని చీటీ పట్టుకొచ్చింది. డాక్టరు సంతకంతో! కాబట్టి తండ్రిగారూ, మీరు తిడుతున్న పీటీ పీరియడ్లు మీ అమ్మాయి బడిలో నిజంగానే జరుగుతుంటే మీరు అదృష్టవంతులు. ఆ బడి పేరు నాకు చెప్పండి, మనవరాలిని అందులో వేస్తాను.

విద్యాహక్కు చట్టం, 2009 నాటిది, షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని రాసే ఉంది. ఆట సామాన్లు ఇవ్వాలని కూడా ఉంది. ఈ మాట కూడా మీటింగులో అన్నాను. మైనారిటీ బళ్లకి ఆ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందని పక్కనే కూర్చున్న కరస్పాండెంటు ఫాదర్ గారు గుర్తుచేశారు. నిజమే. వాళ్ల మతాన్నీ వాళ్ల సంస్థనీ కాపాడుకోవడానికి వచ్చిన రక్షణ అది. ఆ రక్షణ గొడుగు కింద బస్సులు పెట్టుకోవచ్చని అర్థమా? నాకు లా తెలియదు. ఆయనకీ ఆ సంగతి నచ్చినట్టు లేదు, కాఫీ తాగండి అన్నారు.

పోయిన సంవత్సరం, అంటే 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచకప్ పెట్టారు. ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ని 78-40తో ఓడించారు. మ్యాట్ మీద ఆడారు, మోకాళ్లకి ప్యాడ్లు, రంగుల జెర్సీలు. నేను టీవీ ముందు కూర్చుని ఆ మోకాలి మచ్చ తడుముకుంటూ చూశాను. అదే ఏడాది నవంబరులో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. రెండుసార్లూ మా వీధిలో టపాకాయలు కాల్చారు. కాల్చిన వాళ్లలో ఆ చీటీ తెచ్చినావిడ కూడా ఉంది.

ఉత్తరం పొడుగైపోయింది, మీరు కత్తిరిస్తే కత్తిరించండి. కానీ ఈ కింది ముక్క మాత్రం వదలొద్దని మనవి. ఆ బడి యాజమాన్యం మీ పత్రిక తెప్పిస్తుంది, రిసెప్షన్లో చూశాను.

సిస్టర్ గారూ, బ్లాకు కట్టుకోండి, కాదనను. బస్సుల్ని గోడ వెంబడి వరసగా ఒక పక్కకి పెట్టిస్తే ఒక త్రోబాల్ కోర్టుకి చోటు మిగులుతుంది. అంగలతో కొలిచి చూశాను: పొడవు ఇరవై నాలుగు అంగలేసి చూస్తే సరిపోయింది, వెడల్పుకి ఇంకా రెండు అంగలు మిగిలాయి కూడా. ఆ రెండు స్తంభాలు తుప్పు పట్టినా గట్టిగానే ఉన్నాయి, ఊపి చూశాను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా, బస్సు రెండో ట్రిప్పులో వెళ్లే పిల్లలు ఎలాగూ వరండాలో ఫోన్లు లేక ఖాళీగా కూర్చుంటున్నారు. వాళ్లని నాకు ఇవ్వండి. జీతం వద్దు. నా ఈల నా దగ్గరే ఉంది. పురికొస, మేకులు, సున్నం నేనే తెచ్చుకుంటాను. డ్రైవరు గారికి తువ్వాలు ఆరేసుకోవడానికి ఇంకో చోటు మాత్రం మీరు చూపించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ
గుంటూరు జిల్లా